కర్టెన్ గుడ్డ సంచులు

మా వంటింటి బల్ల దగ్గర నుంచి,
వానలు మొదలైన వారం

బుల్లెమ్మా,

మేం బాగానే ఉన్నాం, నువ్వూ బాగానే ఉన్నావని నమ్మేసి అసలు సంగతికి వస్తాను. ఉత్తరమేంటి ఈ రోజుల్లో అని నవ్వకు. నీ ఫోనేమో మోగదు. ఎప్పుడైనా మోగినా మీ అన్నయ్య నా చేతిలోంచి లాక్కుని, నీతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. కాగితం మీదైతే మధ్యలో దూరలేరు కదా.

రిటైరయ్యాక నాకేం తోచక గోడలు చూస్తూ కూర్చుంటే, పక్కవీధిలో ఉండే ఆసుపత్రి నర్సమ్మ వచ్చి ఒక పని అంటగట్టింది. పెద్దవీధిలో బేకరీ ఉంది. నిన్నటి సరుకు మిగిలితే ఇదివరకు పొద్దున్నే చెత్తబండిలో పడేసేవాళ్ళు. బ్రెడ్డు, బన్నులు, రస్కులు అన్నీ తినడానికి లక్షణంగా ఉన్నవే. నర్సమ్మ బేకరీ ఆయన్ని బతిమాలి ఒప్పించింది. ఇప్పుడు ఆ ట్రేలన్నీ మన కారులో వేసుకుని, మూతబడిన సైకిల్ షాపు దగ్గరికి తీసుకెళ్ళి, తెల్ల కవర్లలో పెట్టి అవసరమైనవాళ్ళకి పంచుతున్నాం. వారానికి రెండు రోజులు.

మీ అన్నయ్య డ్రైవరు. కారు దిగరు. స్టీరింగు ముందు పేపరు పరుచుకుని, సీట్లలో రొట్టె పొడి రాలిందనీ చీమలు పుట్ట పెట్టాయనీ సణుగుతూ ఉంటారు. నిన్న ఒకావిడ వచ్చింది. మడత నలగని ఇస్త్రీ బట్టలు, చక్కగా దువ్విన జడ. ఈవిడకేం అవసరమా అని నాకూ అనిపించింది. మీ అన్నయ్యైతే నేరుగా అనేశారు, ఊరికే వస్తుందంటే అందరూ బీదవాళ్ళేనని. ఆవిడకి వినపడలేదనే అనుకుంటున్నాను.

మీ ఆయన పనులెలా ఉన్నాయి? వానాకాలం ఇళ్ళకి రంగులు వేయించుకునేవాళ్ళు తక్కువ కదా. పిల్ల బడికి వెళ్తోందా? వెంటనే రాయి.

మీ వదిన

*

కిటికీ పక్కన, కుట్టు మిషను మీద నుంచి,
ఆదివారం

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి పిల్లకి చదివి వినిపించాను. మామయ్య కారులో చీమలు పుట్ట పెట్టాయని ఒకటే నవ్వు. ఫోను పాడైంది. బాగుచేయించాలి. ఉత్తరాలే బాగున్నాయిలే, నీ గొంతు కూడా వినిపిస్తోంది.

ఈయనకి కాలు కొంచెం బెణికింది. ఇంట్లోనే ఉంటున్నారు. కంగారు పడేంతది కాదు. నేను కుట్టే కర్టెన్ల షాపులో పని కాస్త మందంగా ఉంది. అంతకుమించి విశేషాలు లేవు.

ఆ ఇస్త్రీ బట్టల ఆవిడ గురించి ఒక మాట. ఇస్త్రీ చేసుకుని వచ్చిందంటే, ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉందని మాత్రమే మనకి తెలుస్తుంది వదినా. అందులో ఇంకేం ఉందో తెలీదు. నలుగురిలోకి వెళ్ళాలంటే ఉన్నవాటిలో మంచివి కట్టుకునే కదా ఎవరైనా బయల్దేరేది.

ఇంకోటి. గట్టిపడిన బ్రెడ్డు మీద నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి, మూతపెట్టి సన్న సెగ మీద ఉంచితే మళ్ళీ మెత్తగా అవుతుంది. వచ్చినవాళ్ళకి చెప్పు. గింజలు అద్దిన బన్నులు పళ్ళు లేని పెద్దవాళ్ళకి ఇవ్వొద్దు. వాళ్ళు వద్దని చెప్పరు, తీసుకెళ్ళి అవస్థ పడతారు. ఇదంతా ఎక్కడో విన్నానులే.

అన్నయ్యని చలిగాలిలో కారు అద్దాలు దించుకుని కూర్చోవద్దను.

నీ బుల్లెమ్మ

*

సైకిల్ షాపు అరుగు మీద నుంచి,
వాన వెలిసిన రోజు

బుల్లెమ్మా,

నువ్వు చెప్పిన నీళ్ళ చిట్కా ఇక్కడ పెద్ద పేరు తెచ్చుకుంది. నేనే కనిపెట్టానన్నట్టు అందరికీ చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

మొన్నొకటి జరిగింది, విను. ట్రేలో ఒక కేకు వచ్చింది. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళడం మరిచిపోయారట. దాని మీద తెల్ల క్రీముతో 'నాన్నకి ప్రేమతో' అని రాసి ఉంది. ఆ అక్షరాలు చెరిపేసి ముక్కలు కోసి పంచుదామని నర్సమ్మ చాకు తీసింది. ఇక్కడ గోడౌన్ కాపలా ముసలాయన ఒకాయన ఉన్నాడు, పెళ్ళీపెటాకులూ లేనివాడు. ఎప్పుడు వచ్చినా ఒక్క బన్ను తీసుకుని వెళ్ళిపోతాడు. ఆయన నెమ్మదిగా ముందుకొచ్చి, "అమ్మా, చెరపకుండా ఆ అక్షరాలున్న ముక్క నాకిస్తారా?" అన్నాడు. నర్సమ్మ చాకు పక్కన పెట్టి కేకు మొత్తం ఆయన చేతిలో పెట్టింది. ఆయన అక్కడే కూర్చుని, మాకందరికీ ముక్కలు పెట్టాడు, తనింట్లో వేడుకకి మేమే వచ్చినట్టు. ఆ అక్షరాలున్న ముక్క మాత్రం కాగితంలో చుట్టుకుని పట్టుకెళ్ళాడు.

ఇంకో సంబరం. బేకరీ ఆయన తన షాపు అద్దం మీద ఫోటోలు పెడతాడట. బ్రెడ్డు తీసుకునేవాళ్ళు కవర్లు పట్టుకుని నవ్వుతూ ఉండాలట. అది చూసి నాలుగు షాపులవాళ్ళు ముందుకొస్తారంటాడు. మీ అన్నయ్యకి ఫోటోల సరదా సంగతి నీకు తెలుసు కదా. కారు దిగడానికి ఇన్నాళ్ళకి ఒక కారణం దొరికింది. వచ్చే వారమే తీస్తారు. నీకూ ఒకటి పంపిస్తాను.

మీ ఆయన కాలు ఎలా ఉంది? బెణుకు ఇన్నాళ్ళా?

మీ వదిన

*

ఇంటి నుంచి

వదినా,

ఈ ఉత్తరం అందేలోపు ఫోటోలు తీయకుండా ఉంటే, దయచేసి తీయొద్దు. తీసి ఉంటే అద్దం మీద పెట్టనీయకు.

అక్కడ నిలబడినవాళ్ళలో ఒకావిడ, ఆ బ్రెడ్డు షాపులో కొన్నానని ఇంట్లో పిల్లకి చెప్పి ఉంటుంది. ఆ పిల్ల బడికి వెళ్ళే దారిలోనే ఆ అద్దం ఉంటుంది. నవ్వమంటే నవ్వుతారు వదినా. బ్రెడ్డు చేతికి వచ్చేదాకా ఏం చెప్తే అది చేస్తారు. వద్దనడానికి వాళ్ళకి నోరు రాదు. నాకు తెలిసినావిడ చెప్పింది, వాళ్ళ దగ్గర ఇలాగే తీశారట.

ఆ తెల్ల కవర్లు కూడా వద్దు. ఊళ్ళో అందరికీ తెలుసు ఆ కవరు ఎక్కడిదో. అది పట్టుకుని వీధి చివరి నుంచి ఇంటిదాకా నడవడం నువ్వు అనుకునేంత తేలిక కాదు. అందుకే వేరే పార్శిలులో కొన్ని సంచులు పంపుతున్నాను. షాపులో మిగిలిన కర్టెన్ గుడ్డతో కుట్టాను. పూలవీ ఉన్నాయి, చారలవీ ఉన్నాయి. దేనికీ దేనితో పోలిక ఉండదు. అవి పట్టుకుని ఎవరు వెళ్ళినా బజారు నుంచి వస్తున్నట్టే ఉంటారు.

కోపంగా రాశానేమో. నీ మీద కాదు.

బుల్లెమ్మ

*

నర్సమ్మ ఇంటి వసారా నుంచి,
చలి మొదలయ్యాక

బుల్లెమ్మా,

ఫోటోలు తీయలేదు. నీ ఉత్తరం ఆ ముందురోజే అందింది. బేకరీ ఆయనకి వెళ్ళి చెప్పాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "ఇచ్చేవాడికి ఆమాత్రం మర్యాద లేదా అమ్మా?" అన్నాడు. మర్నాటి నుంచి ట్రేలు ఆగిపోయాయి.

తర్వాతి రెండు వారాలూ చూడలేకపోయాను. జనం వచ్చేవాళ్ళు, ఖాళీ బల్ల చూసేవాళ్ళు, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. మీ అన్నయ్య అగ్గిమీద గుగ్గిలం. ఒక్క ఫోటోకి మనుషులు అరిగిపోతారా, కడుపుకంటే మొహం ఎక్కువా అని నన్ను దులిపేశారు. నాకూ ఒకటి రెండు రోజులు అనుమానం వచ్చింది, నీ మాట విని తప్పు చేశానా అని. నర్సమ్మా నేనూ వీధి వీధీ తిరిగాం. కొందరు తర్వాత రమ్మన్నారు, కొందరు విననే లేదు. చివరికి రైలు గేటు దగ్గర చిన్న బట్టీ పెట్టుకున్న ఒకావిడ దొరికింది. రస్కులూ బన్నులూ చేస్తుంది. విషయమంతా విని, "పొద్దున్నే రండి. నాకు బోర్డూ అద్దమూ ఏమీ లేవు, ఏం అతికించుకోను" అంది. ఆవిడ మాట మీద ఇంకో ఇద్దరు ఇస్తున్నారు. మునుపటంత రావడం లేదు కానీ బల్ల ఖాళీగా ఉండడం లేదు.

నీ సంచులు అందాయి. ఇస్త్రీ బట్టల ఆవిడ పసుపు పూల సంచి ఎంచుకుంది. ఇన్నాళ్ళూ తల వంచుకుని వచ్చి తల వంచుకుని వెళ్ళేది. మొన్న మాత్రం ఆగి, ఎవరు కుట్టారని అడిగింది. మా ఆడపడుచు అన్నాను. "ఆవిడకి తెలుసు" అని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచీ ఆ మాట నన్ను వదలడం లేదు. ఆ తెలిసినావిడ ఎవరు బుల్లెమ్మా? షాపులో పనులుంటే ఇన్ని సంచులు కుట్టే తీరిక నీకెక్కడిది? ఇంత గుడ్డ ఎలా మిగిలింది? నేను అడుగుతున్నదేంటో నీకు అర్థమైంది. చెప్పాలనిపిస్తే చెప్పు. లేదంటే మీ ఊళ్ళో చలి ఎలా ఉందో రాయి, నేను ఇంకెప్పుడూ అడగను.

మీ వదిన

*

కిటికీ పక్కన నుంచి,
పిల్ల బడికి వెళ్ళాక

వదినా,

చలి బాగానే ఉంది.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. అన్నం వండుకుని, తిని, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

ఈయనకి బెణకలేదు. వానల ముందు మూడో అంతస్తులో రంగు వేస్తుంటే నిచ్చెన జారింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. ఇప్పుడు గోడ పట్టుకుని గదిలో నాలుగడుగులు వేస్తున్నారు. మళ్ళీ నిచ్చెన ఎక్కుతారో లేదో డాక్టరు చెప్పడం లేదు. ఆ నెలలోనే కర్టెన్ల షాపు మూసేశారు. ఓనరమ్మ మంచిది, మిగిలిన గుడ్డ తానులు కుట్టేవాళ్ళందరికీ పంచి ఇచ్చేసింది. సంచులు వాటివే. ఫోను పాడవలేదు, దాన్ని అమ్మేశాం.

మా దగ్గర కూడా మీలాంటివాళ్ళున్నారు. ఒక పెద్ద అపార్ట్‌మెంటు కింద, కార్లు పెట్టుకునే చోట పంచుతారు. మొదటిసారి వెళ్ళి, ఆ లైను చూసి, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు నటించి వెనక్కి వచ్చేశాను. తర్వాతి వారం నిలబడ్డాను. ఇస్త్రీ బట్టలే కట్టుకున్నాను వదినా. మంచివాళ్ళే, ప్రేమగానే ఇస్తారు. కానీ ఫోటో తీస్తారు. నేను కవరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ బ్రెడ్డు ఇచ్చే బేకరీ అద్దం మీద అది పెట్టారు. అందులో నా జడ, నా చెయ్యి ఉన్నాయి. ఎవరూ గుర్తుపట్టరు. నేను పట్టాను కదా.

పిల్ల బ్రెడ్డు తింటూ, "అమ్మా, ఇది ఏ షాపులో కొన్నావు, భలే ఉంది" అంటుంది. దూరం షాపులే అంటాను.

నువ్వేం పంపినా తిప్పి పంపే స్థితిలో లేను, ఆ రోషమూ లేదు. ఒక్కటే అడుగుతాను. అన్నయ్యకి చెప్పకు. నాన్న పోయాక తన కంచంలోది తీసి నా కంచంలో వేసి పెంచాడు. నేను లైనులో నిలబడ్డానని వింటే, తన పెంపకమే చాల్లేదనుకుంటాడు. కాస్త నిలదొక్కుకున్నాక నేనే చెప్తాను.

బుల్లెమ్మ

*

వంటింటి బల్ల దగ్గర నుంచి

బుల్లెమ్మా,

చెప్పను. నీ మీద ఒట్టు.

నేను ఏడవలేదని రాస్తే నువ్వు నమ్మవు, ఏడ్చానని రాస్తే నువ్వు బాధపడతావు. కాబట్టి వదిలెయ్. వేరే పెట్టె వస్తుంది. అందులో పిల్లకి స్వెట్టరు, మీ ఆయనకి చేతికర్ర, ఇంట్లోకి కావలసినవి కొన్ని ఉంటాయి. మా నర్సమ్మకి పేరు చెప్పకుండా కాలు సంగతి అడిగాను. రోజూ చేయించాల్సిన వ్యాయామాలు బొమ్మలు గీసి ఇచ్చింది, అదీ పెట్టాను. బద్ధకిస్తే నేనొచ్చి నిలబెడతానని మీ ఆయనతో చెప్పు.

ఇంకో సంగతి నీకు తెలియాలి. మీ అన్నయ్య నిన్న మిగిలిన సంచులు మడతపెడుతూ, ఒకదాన్ని తిరగేసి కుట్టు చూశారు. చాలాసేపు చూశారు. "ఇది బుల్లెమ్మ కుట్టు" అన్నారు. అవునన్నాను. "ఇవి ముక్కలు కాదే, కొత్త తాను చింపి కుట్టింది. నడిచే షాపులో తాను ఎవరిస్తారు?" అన్నారు. నేను పొయ్యి వైపు తిరిగాను. ఫోను బాగుచేయించుకోవడానికి ఇన్ని నెలలా అని కూడా అడిగారు. ఉత్తరాలు ఎక్కడున్నాయని మాత్రం అడగలేదు.

పొద్దున్నే లేచి, పాత స్నేహితుణ్ణి చూసి వస్తానని బస్సెక్కి వెళ్ళారు. ఏ స్నేహితుడో చెప్పలేదు. నా నోట్లోంచి ఒక్క ముక్క కూడా రాలేదు బుల్లెమ్మా, నన్ను నమ్ము. ఈ ఉత్తరం కంటే ఆయనే ముందు చేరతారేమో.

మీ వదిన

*

ఇంటి నుంచి,
అదే వారం

వదినా,

నీ ఉత్తరం కంటే ఆయనే ముందు వచ్చాడు.

నేను ఖాళీ సంచి చేతిలో పట్టుకుని గుమ్మం దిగుతున్నాను. ఎదురుగా అన్నయ్య. చంకలో గొడుగు, చేతిలో బత్తాయిల సంచి. నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. ఈయన మంచం మీద నుంచి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు. కాలు చూశాడు. గది చూశాడు. మిషను పక్కనున్న తానులు చూశాడు. బత్తాయిల సంచి అక్కడే పెట్టాడు.

బజారుకి వెళ్ళొస్తాను, నువ్వు కూర్చో అన్నాను. "నేనూ వస్తా పద" అన్నాడు. దారి మళ్ళించి ఎటైనా తీసుకెళ్దామనుకున్నాను. కానీ ఆ రోజు వదిలేస్తే మళ్ళీ నాలుగు రోజులదాకా ఇవ్వరు. ఇంట్లో పిల్లకి పెట్టడానికి ఏమీ లేదు. కాళ్ళు వాటంతట అవే అటే నడిచాయి. అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి వచ్చాక ఆగిపోయాను. అన్నయ్య ఆగలేదు. లైను చివరికి వెళ్ళి నిలబడి, వెనక్కి తిరిగి నా కోసం చూశాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. సంచి నా చేతిలోంచి తీసుకున్నాడు.

లైను ముందుకి జరిగాక, పంచే అమ్మాయి అన్నయ్యని చూసి మీ ఇంట్లో ఎంతమంది అని అడిగింది. "నాకు కాదమ్మా. నేను ఈవిడ అన్నయ్యని, తోడు వచ్చాను" అన్నాడు. మామూలుగా, నన్ను కాలేజీలో చేర్పించడానికి వచ్చినప్పుడు అన్నట్టే అన్నాడు.

అప్పుడే ఫోటో అబ్బాయి వచ్చాడు. నేను మొహం దించుకునే లోపు అన్నయ్య గొడుగు తెరిచి మా ముందు పట్టుకున్నాడు. ఎండా లేదు, వానా లేదు. పైన సిమెంటు కప్పు. అబ్బాయి అటు జరిగితే గొడుగూ అటే జరిగింది. కొంచెం తీయండి సార్ అన్నాడు పాపం. "తీయను బాబూ. అడిగి తియ్యి. అడిగితే వీళ్ళేమంటారో విను" అన్నాడు అన్నయ్య. గట్టిగా కూడా అనలేదు. ఆ అబ్బాయి మమ్మల్ని చూశాడు. మొదటిసారి చూసినట్టు చూశాడు. నా వెనకున్నావిడ వద్దంది. ఆవిడ వెనకాయన తల అడ్డంగా ఊపాడు. అబ్బాయి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక పిల్లతో కలిసి ఆ బ్రెడ్డే తిన్నాడు. ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టాడు. సాయంత్రం బస్టాపులో నిలబడ్డాక అడిగాడు.

"నన్నేమనుకున్నావే నువ్వు?"

"అన్నయ్యవనుకున్నాను."

"మరి?"

బస్సు వచ్చేసింది. నీ ఉత్తరాల మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

బుల్లెమ్మ

*

సైకిల్ షాపు నుంచి

బుల్లెమ్మా,

బస్సు దిగి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయారు. మంచినీళ్ళిచ్చాను. తాగి, "స్నేహితుడు బాగానే ఉన్నాడు" అన్నారు. నేను మంచిదన్నాను. కాసేపటికి, "నువ్వు నాకు చెప్పకపోవడమే మంచిదైంది. చెప్పుంటే దాన్ని తిట్టడానికి వెళ్ళేవాణ్ణి" అన్నారు. అంతే, లేచి స్నానానికి వెళ్ళారు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది.

ఇవాళ పంచే రోజు. కారు ఆపారు, పేపరు తీయలేదు. దిగి, ట్రేలు మోసుకొచ్చి, నా పక్కన బల్ల దగ్గర నిలబడ్డారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఏది కావాలో అడిగి మరీ ఇచ్చారు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. ఇస్త్రీ బట్టల ఆవిడ వచ్చినప్పుడు మాత్రం ఈయన మాట తడబడింది. "బాగున్నారా అమ్మా?" అన్నారు. ఆవిడ ఆశ్చర్యపోయి, బాగున్నానంది.

ఆవిడ సంగతి ఇంకోటి. ఆసుపత్రికి దుప్పట్లూ దిండు గలీబులూ కుట్టించే కాంట్రాక్టు ఆవిడ చెల్లెలిదట. నీ సంచి కుట్టు చూపించిందట. గుడ్డ వాళ్ళే పంపి, కుట్టినవి వాళ్ళే తీసుకెళ్తారట. చేస్తావా? మొహమాటపడకు, కుదరకపోతే కుదరదని రాయి.

సెలవులకి ముగ్గురూ ఇక్కడికి రండి. ఇది పిలవడం కాదు. మేడ మీద గదిలో పరుపు ఎండలో వేసేశాను.

మీ వదిన

*

మిషను మీద నుంచి,
ఎండలు మొదలయ్యాక

వదినా,

గుడ్డ కట్టలు వచ్చాయి. నిన్నటి నుంచి గలీబులే గలీబులు. ఈయన మంచం మీద కూర్చుని దారం ముక్కలు కత్తిరిస్తున్నారు. వంక పెట్టి పెట్టి నన్ను చంపుతున్నారు. నువ్వు పంపిన కర్రతో మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్ళారు. రంగుల పనికి ఇంక వెళ్ళలేరేమో. ఏ గోడకి ఏ రంగు బాగుంటుందో చెప్పడానికి మాత్రం నిచ్చెన అక్కర్లేదు కదా అని, రంగుల కొట్టువాళ్ళని అడుగుతానంటున్నారు. చూడాలి. మొదటి పని డబ్బు చేతికి వచ్చేదాకా ఇంకా కొన్నాళ్ళు బ్రెడ్డు లైను తప్పదు.

పిల్లకి చెప్పాను. దూరం షాపు కాదని, అందరూ కలిసి ఇచ్చేదని. కాసేపు ఆలోచించి, "మరి వాళ్ళకి థాంక్స్ చెప్తున్నావా?" అంది. వెళ్ళినప్పుడల్లా చెప్తున్నానన్నాను. సరే అని ఆడుకోవడానికి పోయింది. దీనికోసమా నేను అన్ని నెలలు అబద్ధమాడింది?

ఇవాళ లైనులో నా వెనకావిడ నా భుజం తట్టింది. ఆమధ్య గొడుగు పట్టుకున్న పెద్దాయన మళ్ళీ రాలేదేం, ఎవరాయన అని అడిగింది.

"మా అన్నయ్య" అన్నాను. నాకే తెలియకుండా గట్టిగా అనేశాను, ముందున్న నలుగురూ తిరిగి చూశారు. "ఇవాళ రాడు. వాళ్ళ ఊళ్ళో బ్రెడ్డు పంచే రోజిది."

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. నమ్మిందో లేదో తెలీదు.

"జరుగమ్మా, లైను కదిలింది" అంది.

నీ బుల్లెమ్మ